పార పట్టుకొచ్చిన ప్రాణహాని

బాన్సువాడ పట్టణ ప్రజలకు, చుట్టుపక్కల గ్రామాల, తండాల వాస్తవ్యులకు సంతోషంతో తెలియజేయడమేమనగా, మన రవికుమార్ అన్నకు ప్రాణహాని ఏర్పడింది. చాలాకాలంగా అన్న పడుతున్న శ్రమ ఫలించింది. ఈ సందర్భాన్ని పురస్కరించుకొని బస్టాండు ఎదురుగా పెద్ద ఫ్లెక్సీ వెలిసింది. “ప్రాణహాని పొందిన మా ప్రియతమ నాయకులు, ముత్యాలకుంట తూము నీటి పంపకాల సంఘం అధ్యక్షులు శ్రీ రవికుమార్ అన్న గారు ఆత్మరక్షణ పిస్టల్ శిక్షణ నిమిత్తం హైదరాబాద్ బయలుదేరుచున్న శుభసందర్భంగా హార్దిక శుభాకాంక్షలు” అని దాని మీద రాసి ఉంది. అన్న వెనకాల ఒక పులి కూడా ఉంది. ఫ్లెక్సీలు వేసే దేవదాస్ ఆ పులిని పుట్టినరోజుకైనా, పెళ్ళిరోజుకైనా, దశదిన కర్మకైనా వేస్తాడు కాబట్టి దాని గురించి ఎవరూ అడగలేదు.

నిజానికి అన్నకు ముందు పిస్టల్ మీద మనసైంది. ప్రాణహానిని ఆ తర్వాత వెతుక్కోవాల్సి వచ్చింది. బోధన్‌లో ఒక పెళ్ళి బంతిలో అన్న పక్కన ఎవరో కాంట్రాక్టరు కూర్చున్నాడు. ఆయన పప్పు గిన్నె కోసం ముందుకు వంగితే చొక్కా పైకి లేచి, నడుము దగ్గర పిస్టల్ కనబడింది. అంతవరకు మామూలుగా వడ్డించిన వాళ్ళు ఆ తర్వాత ఆయన విస్తరిని వదిలి కదల్లేదు. జిలేబీల పళ్ళెం ఆయన ముందే ఆగిపోయింది. పక్కనున్న అన్న చెయ్యెత్తి పిలిచినా అది ఇటు రాలేదు. యాభై దాటిన ఒక యువనాయకుడికి ఇంతకంటే అవమానం ఏముంటుంది?

లైసెన్సు కావాలంటే ప్రాణానికి ముప్పు ఉందని చూపాలట, తుపాకీ పట్టడం నేర్చుకున్నట్టు కాగితం కూడా తేవాలట. శిక్షణ ఇచ్చేవాళ్ళు హైదరాబాద్‌లో దొరికారు. ముప్పే దొరకలేదు. ఇంట్లో ఈ మాట కదిపితే భార్య స్వాతి బియ్యం చెరుగుతూ తల కూడా ఎత్తలేదు.

“నిన్ను సంపేటంత ఫుర్సత్ ఎవలకున్నది?” అంది.

అన్న నిరాశ పడలేదు. ఎదుటి పార్టీ నగేశ్‌కు మనిషిని పంపి, ఒక్కసారి ఫోన్‌లో బెదిరించి పుణ్యం కట్టుకోమని అడిగించాడు. నగేశ్ కూడా తక్కువవాడు కాదు. ముందు అన్ననే తనను బెదిరించాలని, తనకూ లైసెన్సు అవసరం ఉందని కబురు చేశాడు. ఎవరు ముందు బెదిరించాలన్న దగ్గర చర్చలు ఆగిపోయాయి. ఆ తర్వాత అన్న మద్నూర్ దాకా వెళ్ళి, లారీలు పోయే దారికి అడ్డంగా కారు నిలిపి చూశాడు. మహారాష్ట్ర లారీ డ్రైవరు దిగి, ఏమైంది భావూ అని మరాఠీలో పలకరించి, కారు చెడిపోయిందనుకొని క్లీనర్‌తో కలిసి పక్కకు నెట్టి, మంచినీళ్ళ సీసా ఇచ్చి వెళ్ళిపోయాడు. దేశంలో శాంతిభద్రతలు ఇంత బాగున్నందుకు అన్నకు ఆ రోజు అన్నం సహించలేదు.

చివరికి ముప్పు సొంత గేటు దగ్గరే దొరికింది. దాని పేరు లక్‌పతి.

లక్‌పతిది గట్టుకింది తండా. అతని పొలం ముత్యాలకుంట తూము కింద చిట్టచివర ఉంది. నిజాంసాగర్ నీళ్ళు కాలువ వెంట ఎంతో దూరం మర్యాదగానే వస్తాయి. తూము దగ్గరికి వచ్చాక మాత్రం షట్టరుకు తాళం ఉంటుంది, తాళంచెవి అధ్యక్షుల వారి దగ్గర ఉంటుంది. ముందు అన్న పొలం తాగుతుంది. తర్వాత బావమరిది పొలం తాగుతుంది. ఆ తర్వాత సంఘం ఎన్నికల్లో అన్నకు చెయ్యెత్తిన వాళ్ళవి తాగుతాయి. చివరిదాకా నీళ్ళు పోవాలంటే షట్టరు మరికొంతసేపు తెరిచి ఉంచాలి, అంతసేపు తెరవడం అన్నకు ఇష్టముండదు. ఈ యాసంగిలో లక్‌పతి వరి పొట్టకొచ్చి నిలబడింది, కింద నేల నెర్రెలు బారింది. ఇప్పుడు ఒక్క తడి పారితే పంట నిలబడుతుంది, లేకపోతే గడ్డి మిగులుతుంది. అందుకని అతను రోజూ పొద్దున్నే పొలం నుంచి నేరుగా అన్న గేటు దగ్గరికి వచ్చి నిలబడేవాడు. పొలం నుంచి వచ్చేవాడి భుజం మీద పార ఉంటుంది. అది ఎక్కడ పెట్టి రావాలో అతనికి ఎవరూ చెప్పలేదు.

గేటు మీది కెమెరా ఇదంతా పట్టింది. ఆ కెమెరాకు మాటలు వినబడవు. వినబడితే “ఒక్క తడి ఇడువు అన్నా, వరిని పిల్లల లెక్క పెంచిన” అనే ముక్క వినబడేది. కనబడేది మాత్రం రోజూ పొద్దున్నే ఇనుప పనిముట్టుతో గేటు దగ్గర తచ్చాడుతున్న ఒక మనిషి. అన్న అనుచరుడు సుమన్ తెర మీద ఆ బొమ్మను ఆపి, గిది మారణాయుధమే గదన్నా అన్నాడు. అన్న లేచి సుమన్‌ను కౌగిలించుకున్నాడు. “మారణాయుధము ధరించి నా నివాసము వద్ద సంచరించుచున్న లక్‌పతి అను వ్యక్తి వలన” అని అర్జీ ఆ పూటే తయారైంది. లక్‌పతికి మాత్రం ఈ గౌరవం గురించి ఎవరూ తెలియజేయలేదు.

ఇక శిక్షణకు సన్నాహాలు మొదలయ్యాయి. ముందు తోలు ఒర కొన్నారు. పిస్టల్ లైసెన్సు తర్వాత వస్తుంది గానీ ఒర పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అయితే ఖాళీ ఒర నడుస్తుంటే డీలాగా ఊగుతోంది, హుందాగా లేదు. బరువు కోసం ఆలుగడ్డ పెట్టి చూశారు. స్వాతి దాన్ని తీసి కూరలో వేసేసింది. ఆఖరికి తూము తాళంచెవి సరిపోయింది. జానెడు పొడవున్న ఇనుప తాళంచెవి, పిడి బయటికి కనిపిస్తూ ఒరలో దర్జాగా కూర్చుంది. ఆ రోజు నుంచి ముత్యాలకుంట నీళ్ళు అన్న నడుముకు వేలాడాయి.

జాతరలో కొన్న ప్లాస్టిక్ పిస్టల్‌తో అన్న అద్దం ముందు సాధన చేశాడు. అద్దంలోని మనిషి ప్రతిసారీ అన్నతో సమానంగా పిస్టల్ తీస్తుండడంతో పట్టుదల పెరిగింది. సఫారీ సూటు కుట్టించుకున్నాడు. నల్లకళ్ళద్దాలు పెట్టుకొని మెట్ల మీద జారాడు. హోటల్లో గోడకు వీపు ఆనించి కూర్చుని, తన టీ ముందు సుమన్‌తో తాగించేవాడు. రోజూ ఉచితంగా టీ దొరుకుతున్నందువల్ల సుమన్ కూడా ముప్పును గట్టిగా నమ్మాడు. తొలి తూటా తూర్పుముఖంగా పేల్చాలని ముహూర్తం పెట్టిన అయ్యవారు చెప్పారు. లక్ష్యం తూర్పున లేకపోతే ఎలాగన్న ప్రశ్నకు, లక్ష్యాన్నే జరపమనండి అన్నారు.

ఈలోగా శిక్షకుడు ఫోన్ చేశాడు. సైన్యంలో పనిచేసి వచ్చిన పెద్దమనిషి. అందరూ వినాలని అన్న స్పీకర్ పెట్టాడు.

“మొదటి రోజు పిస్టల్ ముట్టనివ్వం. గొడవలోంచి ఎలా తప్పుకోవాలో నేర్పుతాం. మీకు ఎవరితో పేచీ, ఎందుకొచ్చింది, మీ వైపు నుంచి ఏం చేస్తే పోతుంది, ఇవన్నీ ఇంటి దగ్గరే ఆలోచించుకుని రండి. పేచీ పోతే అసలు మీరు రానక్కర్లేదు” అన్నాడాయన.

అన్న కాసేపు ఆలోచించాడు. చెయ్యి నడుము దగ్గరి తాళంచెవి మీదే ఉంది. మంచి ప్రశ్నే అడిగాడు.

“అయితే రెండో రోజు నుంచి రావొచ్చా?”

ఫ్లెక్సీ దగ్గర చిన్న చిక్కు వచ్చింది. మన ప్రాంతంలో కింది వరసలో శుభాకాంక్షలు చెప్పేవాళ్ళ ఫోటోలు లేకుండా ఫ్లెక్సీ వేయడం అరిష్టం. దేవదాస్ సంఘం ఎన్నికలప్పటి వరసను తీసి యథాతథంగా అతికించాడు. అందులో తండాల మద్దతుకు గుర్తుగా లక్‌పతి కూడా చేతులు జోడించి ఉన్నాడు. అన్న ఆఫీసులో కంప్యూటర్ పనిచేసే కృప దాన్ని చూసి, సార్, ఈయన పేరు అర్జీలో ఉంది కదా అని గుర్తు చేసింది. కానీ అతన్ని తీసేస్తే ఫ్లెక్సీలో తండా ముఖం ఒక్కటీ ఉండదు.

“అర్జీ అర్జీనే, ఫ్లెక్సీ ఫ్లెక్సీనే. రెండూ కలుపొద్దు బిడ్డా” అన్నాడు అన్న.

అలా హంతకుడు కాబోయేవాడు తన చేతిలో పోబోయేవారికి చేతులు జోడించి విజయం కలగాలని కోరుతూ బస్టాండు ఎదుట నిలబడ్డాడు. ఊళ్ళో చదువుకున్నవాళ్ళం చాలామందిమి ఉన్నాం. ఎవరికీ తేడా కనిపించలేదు.

లక్‌పతి కొడుకు దినేష్ ఆ ఫ్లెక్సీని ఫోన్‌లో ఫోటో తీసి ఇంట్లో చూపించాడు. తల్లి చాంద్రి దాన్ని పెద్దది చేసి చూసి, మనల్ని అంత ఎత్తున పెట్టినాయన నీళ్ళు ఇవ్వకుండా ఉంటాడా అని ధైర్యం చెప్పింది. అన్న హైదరాబాద్ వెళ్తే తాళంచెవి కూడా వెళ్తుందని, తిరిగొచ్చేదాకా పొట్టకొచ్చిన వరి ఆగదని లక్‌పతికి తెలుసు. మడి గట్టు సరిచేస్తున్నవాడు ఉన్నపళంగా పారతోనే వీడ్కోలు సభకు బయలుదేరాడు.

సభ ఘనంగా జరుగుతోంది. నగేశ్ కూడా పార్టీలకతీతంగా విచ్చేసి, ప్రాణహాని ఒక్క రవికుమార్ అన్న సొత్తు కాదని, భవిష్యత్తులో అర్హులైన వారందరికీ అందాలని ఆకాంక్షించాడు. అన్న మైకు అందుకున్నాడు.

“నా పానం నాది కాదు. అది మీది. మీ పానాన్ని కాపాడుకునేటందుకే నేను పిస్టల్ నేర్వబోతున్న.”

చప్పట్లు మోగుతుండగా లక్‌పతి వచ్చాడు. కార్యకర్తలు అతన్ని గుర్తుపట్టారు. ఫ్లెక్సీల ఉన్నోడే, దారియ్యండి అంటూ వేదిక ఎక్కించారు. ఫ్లెక్సీలో ఉన్నవాడు శాలువా కప్పకుండా దిగడం మర్యాద కాదు గనక ఎవరో చేతిలో శాలువా పెట్టారు. రెండో చేతిలో పార అలాగే ఉంది. అన్న ఇటు తిరిగాడు.

తను సొంతంగా కల్పించిన ముప్పు నిజంగానే మెట్లెక్కి వస్తే ఎవరికైనా గుండె జారుతుంది. కానీ అద్దం ముందు పడ్డ కష్టం ఊరికే పోలేదు. చెయ్యి మెరుపులా ఒరలోకి వెళ్ళింది, అందులో ఉన్నది బయటికొచ్చింది, చాచిన చేతితో అన్న దాన్ని శత్రువు ఛాతీకి గురిపెట్టాడు.

తూము తాళంచెవి.

లక్‌పతి దానికేసి చూశాడు. పార కింద పెట్టాడు, శాలువా పక్క కుర్చీ మీద వేశాడు. రెండు చేతులతో తాళంచెవి అందుకుని కళ్ళకద్దుకున్నాడు. మైకు దగ్గరే ఉన్నందున అతని మాట బజారంతా వినబడింది.

“ఇస్తవని చాంద్రి అంటనే ఉన్నది అన్నా. చివరి మడి దాక పారంగనే తెచ్చిస్త.”

ఎన్నో సభలు చూశాను గానీ అలాంటి చప్పట్లు ఎప్పుడూ వినలేదు. సుమన్ అలవాటు కొద్దీ రైతుబాంధవుడు అని నినాదం ఎత్తుకున్నాడు. ఫోన్లన్నీ పైకి లేచాయి. అంతమంది ముందు ఇచ్చింది వెనక్కి అడగలేక, అన్న కుర్చీ మీద మిగిలిన శాలువాను తనే కప్పుకొని కారెక్కాడు. ఆ సాయంత్రం కాలువ చివరిదాకా పారింది. మర్నాడు లక్‌పతి తాళంచెవిని కడిగి తుడిచి తెచ్చి, స్వాతి చేతిలో పెట్టి వెళ్ళాడు. భుజం మీద పార ఉంది. కెమెరా ఎప్పటిలాగే తన పని తాను చేసింది.

కథ ఇక్కడ ఆగితే నేనూ అందరితోపాటు సంతోషించేవాణ్ణి. కానీ సభ ఫోటో అన్నకు హైదరాబాద్‌లో అందింది. ఫోటోలో కాళ్ళ దగ్గర పార, బిగుసుకుపోయిన అధ్యక్షుడు, ఆయన చేతిలోంచి సంఘం ఆస్తి లాక్కుంటున్న మనిషి ఉన్నారు. మాటలు ఫోటోకు కూడా వినబడవు. దాంతో రెండో అర్జీ అక్కణ్ణుంచే వచ్చింది. విచారణకు వచ్చిన సారు సాక్షులు కావాలన్నారు. చప్పట్లు కొట్టిన వాళ్ళం అందరం ఉన్నాం. ఎవరికి వారం ఆ సమయంలో బిర్యానీ పొట్లాల వైపు చూస్తున్నామని చెప్పాం. దేవదాస్ వెళ్ళి ఫ్లెక్సీలో లక్‌పతి ముఖం మీద చిన్న పులిని అతికించి వచ్చాడు.

లక్‌పతి చేత మంచిగా నడుచుకుంటానని బాండు రాయించుకున్నారు. సాక్ష్యం కింద పారను తీసుకుని, దానికి చీటీ కట్టి మూలన పెట్టారు. అతను తన గురించి ఏమీ మాట్లాడలేదట.

“పార లేకుంట పొలం కాడికి ఎట్ల పోవాలె సారూ?” అని మాత్రం అడిగాడట.

వరికి మరో తడి కావలసి వచ్చినప్పుడు పార ఠాణాలో ఉంది, తాళంచెవి అన్న ఇంట్లో ఉంది. వెన్ను బయటికొచ్చింది గానీ గింజ పాలు పోసుకోలేదు. ఆ దారిన పోతూ నేనూ చూశాను. చాంద్రి ఒక వెన్ను తెంపి అరచేతిలో నలిపి ఊదితే, చేతిలో ఏమీ మిగల్లేదు. నేను బండి ఆపలేదు, తొందర పని ఉండింది.

అన్న శిక్షణ ముగించుకొని వచ్చాడు. లైసెన్సు వచ్చింది, పిస్టలూ వచ్చింది. ఒరలో చోటు లేక తాళంచెవి గోడ మేకుకు చేరింది. పేల్చాల్సిన అవసరం ఇంతవరకు రాలేదు, బంతిలో ముందుకు వంగితే సరిపోతోంది. మొన్న ఒక పెళ్ళిలో జిలేబీల పళ్ళెం అన్న ముందే ఆగింది. పక్కన కూర్చున్న నేను అడగలేదు.

పట్టణం ఇప్పుడు ఎంతో సురక్షితంగా ఉంది. ఏదైనా అడగడానికి వచ్చే రైతులు పారలు రోడ్డు మీదే పెట్టి, ఒట్టి చేతులతో గేట్ల దగ్గరికి వస్తున్నారు. కొందరు రావడమే మానేశారు. నగేశ్ కూడా మంచి కెమెరా బిగించి ఎదురుచూస్తున్నాడు. మీ గేటుకూ కెమెరా ఉండే ఉంటుంది. రికార్డింగును ఒకసారి వెనక్కి తిప్పి చూసుకోండి. పొద్దున్నే ఎవరో ఒకరు వచ్చి నిలబడే ఉంటారు. మాటలు ఎలాగూ వినబడవు కాబట్టి, మీకూ ప్రాణహాని ఉన్నట్టే.