దమయంతి క్లిప్పుకు మినహాయింపు

ఒక పెద్ద అడవిలో ఉదయం తొమ్మిదిన్నర. సన్నగా తుంపర పడుతోంది. పన్నుల ఆఫీసు ముందు వరుసలో కుందేలు మాణిక్యాంబ నిలబడి ఉంది, వెనక నలుగురు పిల్లలతో.

పెద్దది దమయంతి. దానివి ఎత్తుపళ్ళు. గడ్డిపరక కొరకబోతే పక్కకి జారిపోయేది. పళ్ళ డాక్టరు వడ్రంగిపిట్ట తీగతో క్లిప్పు వేసి మూడు బుట్టల దుంపలు పుచ్చుకుంది. ఏడాది పన్ను కూడా మూడు బుట్టలే. ఇంట్లో మిగిలినవీ మూడే. అవి కట్టేస్తే వానాకాలమంతా పిల్లలకి పెట్టడానికి ఏమీ ఉండదు. క్లిప్పు ఖర్చుకి మినహాయింపు ఇస్తారేమో అడుగుదామని వచ్చింది.

ఆఫీసరు ఎలుగుబంటి రసీదు అటూ ఇటూ తిప్పి చూశాడు. పళ్ళ ఖర్చుకి మినహాయింపు ఉందట గానీ, అది మాంసాహారులకేనట. వాళ్ళకి పళ్ళు పనిముట్లు. గడ్డి తినేవాళ్ళకి అందం.

"నమలడానికేనండీ," అంది మాణిక్యాంబ.

"నమలడం పని కిందికి రాదమ్మా. తర్వాత ఎవరు?"

బయట చెట్టు కింద దరఖాస్తులు నింపే నక్క పానకాలు ఇదంతా విన్నాడు. అయ్యో పాపం అంటూనే కాగితం తీశాడు. 'ఆహారం' అన్న చోట 'మాంసం' అని ఒక్క ముక్క రాస్తే చాలన్నాడు. కిందటేడు అడవిదున్నగారు గద్దల కోటాలో కళ్ళజోడు తెచ్చుకున్నారట. ఎవరూ ఏమీ అనలేదట.

"ఎవరైనా వచ్చి చూస్తారేమో, పానకాలుగారూ."

"ఏం చూస్తారు అక్కయ్యగారూ, మీ గిన్నెలోకి తొంగి చూస్తారా? నా ఫీజు మాత్రం ఒక బుట్ట."

పిల్లలు ఆకలికి ఆవిడ తోక పట్టుకుని లాగుతున్నారు. సంతకం పెట్టేసింది.

వారం తిరక్కుండా మినహాయింపు మంజూరైంది. దాంతోపాటే ఇంకో కాగితం వచ్చింది. మాంసాహారులుగా నమోదైనవారంతా పులిరాజుగారి వార్షిక విందుకి కుటుంబంతో సహా హాజరు కావాలి. రాకపోతే మంజూరు రద్దు, పన్ను రెట్టింపు.

మాణిక్యాంబ ఆ కాగితం పట్టుకుని పానకాలు దగ్గరికి పరిగెత్తింది. పానకాలు తేలిగ్గా కొట్టిపారేశాడు. ముఖం చూపించి వచ్చేయమన్నాడు. విందు చూసినట్టూ ఉంటుంది, ఫీజు తీసుకున్నట్టూ ఉంటుందని తానూ తోడు బయల్దేరాడు.

విందులో ఒక చిరుత ఈ కుందేలు పిల్లల్ని చూసి, ఈసారి వడ్డన చాలా తాజాగా ఉందని మెచ్చుకుంది. మాణిక్యాంబ మంజూరు కాగితం ముందుకి చాపింది.

"మేం భోజనం కాదండీ. భోజనానికి వచ్చినవాళ్ళం."

పులిరాజుగారు కాగితం చూశారు. దమయంతి నోట్లో క్లిప్పు చూశారు.

"పొద్దున్న ఏం వేటాడావమ్మా?"

"చిలగడదుంప," అంది దమయంతి.

"దొరికిందా?"

"దొరికిందండీ. అది పరిగెత్తలేదు."

తోడేలు పెదాలు నాక్కుంది. మాణిక్యాంబ పిల్లల్ని పొట్ట కిందికి లాక్కుంది.

ఎలుగుబంటి లేచి రూలు చదివాడు. మాంసాహారుల జాబితాలో ఉన్నవారిని జాబితాలో ఉన్నవారు తినరాదు. కాగితం ప్రకారం ఈ కుందేలు కుటుంబమంతా మాంసాహారులే. దిద్దాలంటే మళ్ళీ వచ్చే ఏడాదే.

పులిరాజుగారికి ఆకలిగా ఉంది. జాబితాలో లేనివాళ్ళు ఎవరైనా వచ్చారా అని అడిగారు.

ఎలుగుబంటి పేర్లన్నీ వెతికి, తల ఎత్తి పానకాలు వైపు చూశాడు. వేట మీద వేసే పన్ను ఎగ్గొట్టడానికి పానకాలు ఏడేళ్ళుగా తన పేరు గడ్డి తినేవాళ్ళలో రాసుకుంటున్నాడు.

"నేను నక్కనండీ," అన్నాడు పానకాలు.

"కాగితం మీద కాదు," అన్నాడు ఎలుగుబంటి.

పానకాలు పరుగు లంకించుకున్నాడు. విందు విందంతా లేచి అతని వెనక పడింది. మాణిక్యాంబ పిల్లల్ని ముందుకి తోసుకుంటూ, ఒక పొదలోంచి ఇంకో పొదలోకి, ఇంటికొచ్చి పడింది.

గుమ్మంలో నిలబడి లెక్కపెట్టింది. దమయంతి. మగపిల్లలిద్దరూ. చంకలో చిన్నది. నలుగురూ ఉన్నారు. నమ్మకం కుదరక మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది.

నీతి: తప్పు రాయించుకోక తప్పనప్పుడు, తినేవాళ్ళ జాబితాలోనే రాయించుకోవాలి.