బెల్లం వ్యాపారి రసాల ఉపవాసం

ఆ సోమవారం ఉదయం చెంగల్రాయుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. వారం పాటు పంటికి పని చెప్పకూడదు. పొద్దున బూడిద గుమ్మడికాయ రసం, ఎండెక్కాక ఏవో ఆకులు రుబ్బి పిండిన పచ్చటి నీళ్లు, మధ్యాహ్నం బత్తాయి, సాయంత్రం క్యారెట్. అంతే. ఆదివారానికల్లా ఒళ్లు తోమిన కంచంలా అవుతుందని తిరుపతిలో ఉండే బావమరిది అమర్‌నాథ్ హామీ ఇచ్చాడు. అమర్‌నాథ్‌ది మందుల షాపు. ఊరందరికీ మాత్రలు అమ్ముతాడు, తాను మాత్రం ఏడాదికోసారి ప్రకృతి వైద్యం చేయించుకుంటాడు. తాను అమ్మే సరుకును తాను వాడని మనిషికి లోగుట్టు తెలిసే ఉంటుందని చెంగల్రాయుడు నమ్మాడు. అది వ్యాపారంలో నేర్చుకున్న నమ్మకం.

ఉపవాసానికి కారణం లేకపోలేదు. చిత్తూరు బెల్లం మండీలో తన దుకాణం మెట్లు ఎక్కితే చాలు, ఆయాసం. చెప్పులు తొడుక్కోవడానికి వంగితే కళ్ల ముందు మిణుగురులు. దుకాణంలో అయితే ఏటా ఒకసారి సరుకంతా బయటికి తీసి, ఊడ్చి, మళ్లీ సర్దుకుంటాం. ఒంటి గోదాములో మాత్రం పుట్టినప్పటి నుంచి దించుకోవడమే తప్ప ఊడ్చింది లేదు. ఇలా లెక్క వేసుకున్నాక చెంగల్రాయుడికి ఉపవాసం న్యాయమైన బేరంగానే తోచింది.

"ఈ సంగతి బయట చెప్పొద్దు," అన్నాడు భార్యతో, గుమ్మడికాయ రసం ముక్కు మూసుకుని మింగి.

"ఏం, దొంగతనమా?" అంది అలివేలమ్మ మిక్సీ కడుగుతూ.

"బెల్లం యాపారి తీపి మానేసినాడంటే లోకం ఏమంటాది? చక్కెర జబ్బు అంటాది. నా నాలికను నమ్మి బేరం జరిగే మండీ అది. నాలిక చెడిందంటే నేనేం అమ్మల్ల?"

"ఎవరన్నా అడిగితే ఏం చెప్పేది?"

"గమ్మునుండు."

"నేను గమ్మునుంటే జనానికి అనుమానం ఎక్కువవతాది. నన్ను ఎరగరా ఏంది?" అంది అలివేలమ్మ. ఆ మాటలో ఉన్న నిజాన్ని చెంగల్రాయుడు పట్టించుకోలేదు. పచ్చరసం ఫ్లాస్కులో పోయించుకుని బయలుదేరాడు.

ఆ మండీలో ఒక ఆనవాయితీ ఉంది. రోజూ మొదట వచ్చిన రైతు బెల్లాన్ని వ్యాపారుల్లో పెద్దవాడు పగలగొట్టి, చిన్న ముక్క నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుంటాడు. ఆ తర్వాత అతడు పలికిన ధరతో ఆనాటి వేలం మొదలవుతుంది. ఆ పెద్దరికం ఏళ్ల తరబడి చెంగల్రాయుడిదే. మండీలో ఇంకో ఆనవాయితీ కూడా ఉంది. బెల్లంలో తడి ఆరిపోతుందని చెప్పి, ప్రతి రైతు తూకంలోనూ కొంత కోసుకుంటారు. దాన్ని తరుగు అంటారు. అది అన్యాయమని రైతులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. వ్యాపారులు ఏళ్లుగా శ్రద్ధగా వింటున్నారు.

ఆ ఉదయం మొదటి సరుకు పూతలపట్టు రైతు వెంకటమునిది. అతడూ, భార్య నాగులమ్మా ముసురులోనే ట్రాక్టరు మీద తెచ్చి దించారు. ముసురు పట్టిందంటే బెల్లానికి చెమట పడుతుంది. చెమట పట్టిన బెల్లం జిగురవుతుంది, జిగురైన బెల్లాన్ని ఎవరూ కొనరు. త్వరగా అమ్ముడైపోతే చాలునని మొగుడూ పెళ్లాలిద్దరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు.

చెంగల్రాయుడు ముద్ద పగలగొట్టాడు. వేళ్లతో నలిపాడు. వెలుతురుకు పట్టి రంగు చూశాడు. అలవాటు కొద్దీ చెయ్యి నోటి దాకా వెళ్లింది. అక్కడ ఉపవాసం గుర్తొచ్చి ఆగింది. ఆ ముక్కను తిరిగి వెంకటముని అరచేతిలో పెట్టి, "బాగుండాది," అన్నాడు.

కాటా దగ్గరి కూలీలు కూడా తలలు తిప్పి చూశారు.

"నోట్లో వేసుకోలేదేమన్నా?" అన్నాడు వ్యాపారుల సంఘం అధ్యక్షుడు ధనంజయ.

"చూస్తే తెలవదా?"

"ఇన్నేండ్లూ తినే కదా చెప్పింది."

"ఈ పొద్దు చూసి చెప్తుండా. ఏం, తప్పా?"

తప్పేమీ లేదు. కానీ వ్యాపారులు లెక్క వేయడం మొదలుపెట్టారు. సరుకు బాగుంటే తినేవాడు. బాగలేకుంటే బాగలేదనేవాడు. తినకుండా బాగుందన్నాడంటే ఇందులో ఏదో మతలబు ఉంది. రంగు కోసం రైతు ఏదో మందు కలిపి ఉంటాడని ఒకరు అనుకున్నారు. అందర్నీ భయపెట్టి తానొక్కడే చవగ్గా కొట్టేయాలని రాయుడి ఎత్తు అని మరొకరు అనుకున్నారు. ఎవరూ పాట పాడలేదు. మొదటి సరుకు తెగితే గానీ రెండోది కదలదు. వెంకటముని వెనక బండ్లూ ట్రాక్టర్లూ రోడ్డు దాకా నిలిచిపోయాయి.

ఈలోగా చెంగల్రాయుడికి ఆకలి వేసింది. బస్తాల చాటుకు పోయి ఫ్లాస్కు మూత తీశాడు. ఆ పచ్చటి నీళ్లను గుటకేసి మొహం చిట్లించడం కాటా దగ్గరి కూలీ ఒకడు చూశాడు. కాసేపట్లో ఆ కబురు కూడా మండీ అంతా తిరిగింది. రాయుడు విషానికి విరుగుడు కషాయం తాగుతున్నాడట. నిన్న తిన్న బెల్లం వికటించిందట. మధ్యాహ్నానికి తమిళనాడు నుంచి లారీలతో వచ్చిన కొనుగోలుదారులు టీ తాగడం మానేసి గడియారాలు చూసుకోసాగారు.

"మందు గిందు ఏమీ కలపలేదప్పా, మా దేవుడి మీద ఒట్టు," అన్నాడు వెంకటముని ధనంజయతో.

"నాకెందుకు చెప్తావు? రాయుడన్నని అడుగు."

రాయుడన్న బత్తాయి రసానికి ఇంటికి వెళ్లి, నీరసంతో పడుకుని ఉన్నాడు. వెంకటముని, మరి కొందరు రైతులు ఆ ఇంటికే వెళ్లారు. అలివేలమ్మ గడపలో నిలబడి, మొగుడు చెప్పినట్టు గమ్మునే ఉంది. అడిగిన ప్రతి ప్రశ్నకూ గమ్మునే ఉంది. చివరికి నాగులమ్మ, "తల్లీ, మా బెల్లంలో ఆయనకేమన్నా వంక కనబడిందా? అదొక్కటి చెప్పు, నీ కాళ్లు పట్టుకుంటా," అని వంగేసరికి ఆమె మనసు నిలవలేదు.

"మీ బెల్లంలో ఏ వంకా లేదమ్మా. ఆయన అన్నమే ముట్టుకోలేదు. వారం దాకా ముట్టడంట. ఎందుకని నన్ను అడగొద్దు, చెప్పొద్దన్నాడు."

రైతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంటి నిండా బియ్యం ఉన్న మనిషి, రోగం లేకుండా, పండగా పబ్బమూ కాకుండా అన్నం మానేస్తే దానికి ఆ జిల్లాలో ఒకటే అర్థం ఉంది. కలెక్టరాఫీసు ముందు షామియానాల కింద వాళ్లు దాన్ని చాలాసార్లు చూశారు.

"నాకు అర్థమయిపాయ," అన్నాడు వెంకటముని మెల్లగా. "నా బెల్లం నోట్లో వేసుకోకుండా నా చేతికే ఇచ్చినాడు చూడండి. తరుగు తీసేదాకా మీ బెల్లం ముట్టనని చెప్పినట్టు. యాపారస్తుడు కదా, నోరు తెరిచి చెప్పలేక చేసి చూపించినాడు."

మరునాడు చెంగల్రాయుడు మండీకి వచ్చేసరికి వాకిట్లో షామియానా ఉంది. దాని కింద చాప, చాప మీద దిండు, వెనక 'తరుగు రద్దుకై చెంగల్రాయుడు గారి నిరాహార దీక్ష' అని రాసిన గుడ్డ. అతడు దాన్ని రెండుసార్లు చదువుకునేలోపే మెడలో దండ పడింది.

"ఇది కాదప్పా, నేను..." అన్నాడు.

"మాట్లాడొద్దన్నా. ఓపిక దాచుకో," అని వెంకటముని భుజాలు పట్టుకుని కూర్చోబెట్టాడు.

లేచి నిజం చెబుదామా అనుకున్నాడు చెంగల్రాయుడు. చెబితే చక్కెర జబ్బు పుకారు, నవ్వులు. కూర్చుంటే తోటి వ్యాపారులతో శత్రుత్వం. రెండు వైపులా నష్టమే ఉన్నప్పుడు తెలిసిన వ్యాపారి కాసేపు ఏమీ చేయడు. అతడూ కూర్చున్నాడు.

అప్పుడు మొదలైంది అసలు ఉపవాసం. అలివేలమ్మ పచ్చరసం ఫ్లాస్కుతో రాగానే వెంకటముని మర్యాదగా అడ్డం నిలబడ్డాడు.

"అమ్మా, రసం ఇచ్చేది ఆఖర్న. డిమాండు ఒప్పుకున్నాక పెద్దమనిషి ఎవరన్నా వచ్చి ఇస్తే తాగల్ల. ఇంటోళ్లు ఇస్తే దీక్ష చెడిపోతాది."

"రసం తాగమనే కదయ్యా మా అమర్‌నాథ్..." అని ఆమె మొదలుపెట్టి, మొగుడి చూపు చూసి, ఈసారి నిజంగానే గమ్మునైపోయింది. ఫ్లాస్కు వచ్చిన దారినే వెళ్లిపోయింది. చెంగల్రాయుడు దాన్ని వీధి మలుపు దాకా చూశాడు. నిన్న మొహం చిట్లించి తాగిన ఆకురసం ఈ రోజు అమృతంలా కనిపించింది.

ఆకలి మొదట అప్పిచ్చినవాడు వాకిట్లో నిలబడి అరిచినట్టు అరిచింది. ఎంతకీ ఎవరూ పలకకపోయేసరికి అలిసిపోయి ఒక మూల కూర్చుంది. ఇక చేసేది లేక చెంగల్రాయుడు ఎదురుగా ఉన్నదాన్ని చూడసాగాడు. మండీ అరుగు మీద వేసిన తన పరుపు నుంచి ఇన్నేళ్లూ రైతుల తలపాగాలే కనిపించేవి. చాప మీద నుంచి చూస్తే పాదాలు కనిపించాయి. గానుగ పొయ్యి దగ్గర కాలిన మచ్చలు కనిపించాయి. ముసురుగాలి దిశ మారినప్పుడల్లా నాగులమ్మ లేచి గోనెపట్టా ఇటు లాగింది, అటు లాగింది. బస్తా మూతి విప్పి, పైనున్న ముద్దలను పసిబిడ్డ ఒళ్లు తుడిచినట్టు పొడిగుడ్డతో ఒత్తింది. గుడ్డ పిండితే చుక్కలు పడ్డాయి. ఆ చుక్కలు ఆమె తూకంలోంచే పోతున్నాయి. దాని మీద తాను మళ్లీ కోసుకునేవాడు. ఒకే తడికి రెండుసార్లు తరుగు. ఇది తప్పుడు లెక్క అని ఇన్నేళ్లలో తనకు తట్టనే లేదు. కడుపు నిండా తిని వేసిన లెక్కల్లో ఇలాంటివి దొరకవు కాబోలు.

సాయంత్రం ఉపవాసం ఎలా సాగుతోందో చూసిపోదామని తిరుపతి నుంచి అమర్‌నాథ్ దిగాడు. షామియానా దగ్గర ధనంజయ కనబడితే, మా బావ చేస్తున్నది ప్రకృతి చికిత్స అని, ఒంట్లో మలినాలు పోవడానికని గర్వంగా వివరించాడు. ధనంజయ అంతా విని, నేరుగా వచ్చి చాప పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"మీ బామ్మర్ది మొత్తం చెప్పినాడన్నా. లేచి ఇంటికి పో. లేదంటే మైకులో నేనే చెప్తా."

చెంగల్రాయుడు లెక్క చూసుకున్నాడు. లేస్తే ఇంట్లో బత్తాయి రసం ఉంది. తరుగు ఎక్కడికీ పోదు. ఒక్కరోజు నవ్వుతారు, తర్వాత మరిచిపోతారు. లాభమంతా లేవడంలోనే ఉంది. అయితే ఒకరు తన గుట్టు విప్పే కన్నా తానే విప్పడం మేలని మైకు అందుకున్నాడు.

"అప్పా, నేను మీకోసం కూర్చోలేదు. తరుగు కోసం కూడా కాదు. నాకు ఒళ్లు బరువైంది, ఆయాసం వస్తుండాది. రసాలు తాగి ఉపాసం చేస్తే తగ్గుతాదంటే మొదలుపెట్టినా. అందుకే బెల్లం నోట్లో వేసుకోలేదు. వెంకటముని సరుకులో వంక లేదు. ఇదీ నిజం."

ఎవరో కిసుక్కున నవ్వారు. వెంకటముని తల వంచుకున్నాడు. షామియానా కట్టినవాడు తాళ్ల వైపు చూశాడు. అప్పుడు నాగులమ్మ, చేతిలో తడిగుడ్డతోనే, చాప దగ్గరికి వచ్చింది.

"ఎందుకు కూర్చుంటే ఏమి సామీ. కూర్చున్నావు గదా. నువ్వు కూర్చున్నావని వాళ్లు ఈ పొద్దు మా దిక్కు చూసినారు. నువ్వు లేస్తే మళ్లీ చూడరు. మా బెల్లం ఈడే కరిగిపోతాది." ఆమె గొంతులో బతిమాలడం లేదు. ఉన్నమాట చెబుతోంది. "ఇంతసేపూ నీ ఒంటి కోసం కూర్చుంటివి. ఇంగ కొంచేపు మాకోసం కూర్చో."

చెంగల్రాయుడు మైకు కింద పెట్టి, దిండు సర్దుకుని, చాప మీద మళ్లీ కూర్చున్నాడు.

"ఏందన్నా ఇది?" అన్నాడు ధనంజయ.

"దీక్ష. గుడ్డ మీద రాసి ఉండాది, చదువుకో."

"తరుగు పోతే అందరికన్నా ఎక్కువ దెబ్బ నీ దుకాణానికే. తెలుసా?"

"నాకు లెక్కలు రావా ధనంజయా?"

ధనంజయ మైకు వైపు ఒకసారి చూసి లేచాడు. అబద్ధం దీక్ష అయితే బయటపెట్టి చెడగొట్టవచ్చు. అందరి ముందూ నిజం చెప్పి మరీ కూర్చున్నవాడి గుట్టు ఏముంది విప్పడానికి? తెల్లవారి తమిళనాడు లారీలవాళ్లు ఇంజన్లు స్టార్టు చేసి, ఈ ఊళ్లో కాకపోతే ఇంకో ఊళ్లో కొనుక్కుంటామన్నారు. ఆ చప్పుడుకు సంఘం కూడింది. కూడినంతసేపు పట్టలేదు తేలడానికి. తరుగు రద్దని ధనంజయ మైకులో చదివి, నిమ్మరసం గ్లాసు తనే పట్టుకొచ్చాడు.

"ఉండండి, ఉండండి," అంటూ అమర్‌నాథ్ అడ్డం వచ్చాడు. "ఇందులో చక్కెర వేసినారా?"

"ఉప్పు వేసినాం," అన్నాడు ధనంజయ ముభావంగా.

"అయితే తాగు బావా. ఉపవాసం చెడదు."

చప్పట్ల మధ్య చెంగల్రాయుడు ఆ గ్లాసు ఖాళీ చేసి, ఇంకొకటి అడిగాడు. దీక్ష విరమించిన మనిషి రెండో గ్లాసు అడగడం వెంకటముని ఎక్కడా చూడలేదు, అయినా తెచ్చి ఇచ్చాడు. ఈసారి రాయుడి బదులు ధనంజయ బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాడు. కళ్లు మూసుకుని, మనసుకు ఇష్టం లేకపోయినా నాలుక చెప్పిన ధరే పలికాడు. ఎండ మొహం కనబడే లోపు వెంకటముని సరుకు లారీ ఎక్కింది. నాగులమ్మ తడిగుడ్డను జాడించి షామియానా తాడు మీద ఆరేసింది.

చెంగల్రాయుడు ఆదివారం దాకా రసాలతోనే గడిపి ఉపవాసం పూర్తి చేశాడు. నడుము దగ్గర పంచె వదులైంది, మెట్లు ఎక్కితే ఆయాసం రాలేదు. ఆ తర్వాత వచ్చిన పెళ్లిళ్ల కాలంలో ఒంట్లో పోయిన బరువంతా తిరిగి వచ్చేసింది. తరుగు మాత్రం రాలేదు.