మేయరుగారి ముద్ర ఎవరికి వంగింది?

చిన్నప్పటి నుంచీ నాకు ఒకటే కోరిక. సినిమాలో రాక్షసబల్లి కాలికింద పడి చచ్చిపోవాలి. నవ్వకండి. మా రేవులో పుట్టిన మగపిల్లలందరికీ ఆ కోరిక ఉంటుంది. యాభై రెండేళ్ళు వచ్చాక కూడా మిగిలింది నాకొక్కడికే.

ఆ పాత బల్లి సినిమాని మళ్ళీ తీస్తూ ఈసారి మా ఊరికే వచ్చారు. అందులో ఇప్పుడు బల్లికంటే ప్రభుత్వం మీద వెటకారమే ఎక్కువట. దానికి కాళ్ళున్నాయి గనక పశువుల శాఖ చూడాలంటుంది చేపల శాఖ. సముద్రంలోంచి వచ్చింది గనక మీరే చూడండంటుంది పశువుల శాఖ. సంగతి తేలేలోగా రెండు భవనాలూ నేలమట్టం. కాలికింద పడటానికి అచ్చమైన గుమాస్తాలు కావాలని మా పురపాలక ఆఫీసుకి కబురొస్తే, అందరికంటే ముందు చెయ్యెత్తి ఇంటి ఫోను నంబరు ఇచ్చేశాను.

తీరా చూస్తే షూటింగు పెట్టిన ఆదివారం పొద్దునే మా వీధి మురుగుకాలవ పూడికతీత. ఇంటికొకరు రావాలి. ఇదివరకు నడుంనొప్పి, పంటినొప్పి, పెద్దమ్మ చావు చెప్పి మూడుసార్లు తప్పించుకున్నాను. ఆ పెద్దమ్మ మర్నాడే ముల్లంగి పచ్చడి పట్టుకుని వీధంతా పలకరిస్తూ వచ్చి నా పరువు తీసింది.

మా ఆవిడ ఫుసాయెని మెల్లగా కదిపాను.

"తొక్కించుకోడానికి రేవుదాకా దేనికండీ? ఇరవై ఏడేళ్ళుగా ఇంట్లో నేను చేస్తున్న పనేమిటి?" అంది.

ఇక లాభం లేదని "ఆదివారం అత్యవసర విధి" అంటూ ఒక ఉత్తర్వు నేనే రాశాను. మా దేశంలో సంతకం బదులు పేరు ముద్రే గనక, కొట్టులో అమ్మే పేర్ల ముద్రలు కొన్నాను. మేయరు, ఉపమేయరు, మా సెక్షన్ ఆఫీసరు ఆలోచిద్దాంగారు (ఏమడిగినా ఆయన నోట అదే మాట), చివర నేను. నాలుగూ గుద్దేశాను.

ఫుసాయె కళ్ళజోడు పెట్టుకుంది.

"మీ ఆఫీసులో కిందివాడి ముద్ర పైవాడి వైపు వంచి గుద్దాలి కదూ, దణ్ణం పెట్టినట్టు?"

"అవును, మర్యాద. చూడు, నాది వంగింది."

"ఆలోచిద్దాంగారిదీ వంగింది."

"పైన ఉపమేయరు లేరూ?"

"ఆయనదీ వంగింది."

"పైన మేయరు లేరూ?"

"మేయరుగారిదీ వంగిందే! ఆయన ఎవరికి పెడుతున్నారండీ దణ్ణం? బల్లికా?"

ముప్పై ఏళ్ళుగా వంచి వంచి గుద్దిన చెయ్యి మరి. నిటారుగా గుద్దడం దానికి రాదు.

"పాపం పెద్దమ్మని మళ్ళీ చంపలేదు, అంతే చాలు" అంటూ పారా గంపా నా చేతికిచ్చింది.

ఆదివారం మోకాలిలోతు బురదలో ఉండగా రేవువైపు నుంచి గర్జన వినపడింది. నిజం చెప్తున్నాను, ఏడుపొచ్చింది. ఇంటికొస్తే ఫుసాయె లేదు. సాయంత్రం నెత్తినిండా సున్నపు దుమ్ముతో దిగింది.

"ఒక గుమాస్తా తగ్గాడని ఫోను చేశారు. మీ మాట పోతుందని నేనే వెళ్ళా. రెండుసార్లు తొక్కించారు!"

సినిమా విడుదలయ్యాక ఇద్దరం వెళ్ళాం. తెరమీద ఆ కాలు దిగుతుంటే మంత్రులు చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయారు. మధ్యలో మా ఆవిడ ఒక్కతే నిలబడి, గొడుగు ఆడిస్తూ, "పూడికతీతకి మీ ఇంటినుంచి ఎవరొచ్చారు?" అని బల్లిని నిలదీసింది. కాలు గాల్లోనే కాసేపు ఆగింది. హాలంతా చప్పట్లు. ఉక్రోషం దిగమింగుకుని నేనూ కొట్టాను.

ఇంటికి రాగానే వచ్చే నెల పూడికతీత చీటీ నా ముందు పెట్టింది. మొదటి గడిలో ఆవిడ ముద్ర నిటారుగా ఉంది. పక్క గడిలో నాది గుద్దాను. రెండు చేతులతో గట్టిగా పట్టుకుని గుద్దినా ఆవిడ ముద్ర వైపే వంగిపోయింది.

ఫుసాయె చూసి, "ఇది మాత్రం దొంగది కాదు" అంది.