పట్టు డేరా, నూలు డేరా, లారీ నీడ

ప్రేమకు అంతస్తులు లేవని లోకానికి చాటిచెప్పాలంటే ముందుగా అంతస్తులు పకడ్బందీగా ఉండాలి. ఈ సత్యాన్ని గ్రహించిన ఏకైక సంస్థ మా సినిమా యూనిట్ అని సవినయంగా మనవి చేసుకుంటున్నాను. (నేను అందులో డైలాగులు దిద్దేవాణ్ణి. సగం సీన్లలో గుర్రాలే ఉంటాయి కనుక నాకు తీరిక ఎక్కువ.)

మేం తీస్తున్నది పూర్వకాలపు ప్రేమకథ. దివాణం దొరగారి అమ్మాయి గుర్రాలశాల కుర్రాడి మీద మనసు పడుతుంది. పట్టు తెరలు, గాజు దీపాలు, ఆమె మెడ మీద వెన్నెల. దర్శకుడు షాటు షాటుకీ కళ్లు తుడుచుకుని "మనుషులంతా ఒకటేనయ్యా" అనేవాడు. అన్నాక, గొడుగు పట్టేవాడు అడుగు వెనకబడ్డాడని తిట్టేవాడు.

ఆ ఒకటే అయిన మనుషులకు భోజనాల దగ్గర గందరగోళం కలగకుండా వైభవ పర్యవేక్షణాధికారి అనే పెద్దమనిషిని పెట్టారు. ఆయన నియమం సులువు. పట్టు వేషాలకు పట్టు డేరా, అందులో ఫ్యాను, కుర్చీలు. నౌకర్ల వేషాలకు నూలు డేరా, అందులో బల్లలు. వేషమే లేనివాళ్లకు లారీ నీడ. వేషంలో ఉన్నంతసేపు ఒక చోటివాళ్లు ఇంకో చోటివాళ్లతో మాట్లాడరాదు, ఆ కాలపు గాంభీర్యం చెడిపోతుందట. ఒకరోజు హీరోయిన్ ఇల్లు వదిలి పారిపోయే సీనుకని చిరుగుల బట్టల్లో వచ్చేసరికి ఆయన ఇరకాటంలో పడ్డాడు. చివరికి ఆ చిరుగులు పేరున్న డిజైనరు స్వహస్తాలతో చింపినవని తేలడంతో వాటిని పట్టు కింద జమకట్టారు.

మేమంతా ఇస్త్రీ బావ అని పిలిచే బట్టల విభాగం మనిషిది లారీ నీడ. అతను మనసిచ్చిన అమ్మాయిది పట్టు డేరా. నాట్యశాల సీన్లలో వెనక వరుసలో నిలబడే దొరసాని వేషం ఆమెది. ఆమె బట్టలకున్నంత చక్కటి మడత హీరోయిన్ బట్టలకు కూడా ఉండేది కాదు. (హీరోయిన్ ఒకసారి అడిగింది కూడా.) సాయంత్రం ఆమె వేషం విప్పేసరికి వ్యాను హారన్ కొట్టేది, ఇతని మీద బట్టల కుప్ప వచ్చిపడేది. ఈ షెడ్యూలుతో ఆమె పని అయిపోతుంది. ఇంటికెళ్లగానే వాళ్లమ్మ వేరే సంబంధానికి మాట ఇచ్చేస్తుందట. ఆ కబురు విన్నప్పటి నుంచి బావ కాలర్లు మాడ్చడం మొదలుపెట్టాడు.

ఆఖరి రోజు తెగించి అధికారి దగ్గరికి వెళ్లాడు.

"సార్, ఆ అమ్మాయితో ఒక్క మాట మాట్లాడి వచ్చేస్తాను."

"ఆమె దొరసానయ్యా. నువ్వెవరు?"

"పొద్దున ఇస్త్రీ చేసింది నేనే కదండీ!"

"బట్టలకి చేశావు. బట్టలతో మాట్లాడుకో పో."

(ఆ మాటకొస్తే అతను ఇన్నాళ్లూ చేస్తున్నది అదే.)

పాపం, దేవుడు బావకు దారి చూపించాలనుకున్నాడేమో, వెనక వరుసలో ఒక దొరగారికి కడుపునొప్పి ఇచ్చాడు. ఖాళీ అయిన కోటును బావకు తొడిగి, మీసం అతికించారు. ఇందాక తరిమేసిన అధికారే ఎదురొచ్చి, "దయచేయండి దొరగారూ, ఫ్యాను కింద కూర్చోండి" అన్నాడు. ఆయన వెటకారం చేయలేదు. నియమం నియమమే.

బావ కూర్చునేలోపే షాటుకు పిలుపొచ్చింది. నాట్యశాలలో అతన్ని ఆమె పక్కనే నిలబెట్టారు. వెనక వరుసవాళ్లు మాట్లాడుతున్నట్టు పెదవులు ఆడించాలి, గొంతు మాత్రం రాకూడదు. మామూలుగా కూరగాయల ధరలు చెప్పుకుంటారు. ఆ అలవాటు కొద్దీ, ఎవరి పెదవులు ఏమంటున్నాయో ఆమె ఇట్టే పట్టేస్తుంది. బావ మనసులో ఉన్నదంతా గొంతు లేకుండా చెప్పేశాడు. నన్ను పెళ్లి చేసుకుంటావా అని అడిగాడు.

ఆమె కూడా గొంతు లేకుండానే అంది. "ఇన్నాళ్లూ నోట్లో ఏం పెట్టుకున్నావు? వచ్చి మా అమ్మని అడుగు."

"రేపే వస్తా!" అన్నాడు బావ, పైకే.

"కట్!" అన్నాడు దర్శకుడు. "హీరో మనసు విప్పే చోట ఎవడయ్యా అరిచింది?"

మళ్లీ తీశారు. ఆ తర్వాత హీరో తడబడితే మళ్లీ, దీపం ఆరిపోతే మళ్లీ. మొదటి టేకులో ఏం చేశారో అదే చేయాలని ఆజ్ఞ. బావ ప్రతిసారీ అడిగాడు, ఆమె ప్రతిసారీ ఒప్పుకుంది. ఒక్క టేకులో మాత్రం కావాలనే కాసేపు ఆలోచించింది. అప్పుడు బావ ముఖంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

మర్నాడే వెళ్లాడు. వాళ్లమ్మ అతని చొక్కా మడత చూసి, "శ్రద్ధ గల మనిషే" అని ఒప్పుకుంది.

ఎడిటింగులో దర్శకుడు ముఖం చిట్లించాడు. "వెనక ఆ ఇద్దరూ నిజంగానే ప్రేమించుకుంటున్నట్టున్నారు. కళ్లన్నీ అటే పోతున్నాయి. చెరిపేయండి." కంప్యూటరు వాళ్లు శ్రద్ధగా చెరిపేశారు.

సినిమా విడుదలైంది. కొత్త దంపతులు అత్తగారిని వెంటబెట్టుకుని వెళ్లారు. నాట్యశాల సీను వచ్చింది.

"మీరెక్కడ బాబూ?"

"హీరోగారి భుజం వెనకాల చూడండి, అత్తయ్యా."

"అక్కడ పూలకుండీ ఉంది కదా!"

"అది మేమేనండి."

సరిగ్గా అప్పుడే తెర మీద హీరో, ప్రేమకు అంతస్తులు లేవన్నాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. పూలకుండీ కూడా కొట్టింది.