సింహపురి జాగిలం రెండైన వైనం

సింహపురి జాగిలం ఒక జాతి కాదనీ, రెండు జాతులనీ బుచ్చిరెడ్డిపాలెం కల్యాణమండపంలో ఏకగ్రీవంగా నిర్ణయమైంది. అంతవరకూ ఆ సంగతి కుక్కలకు తెలియదు. మనుషులకు మాత్రం పోటీ ఫలితాలు వచ్చిన సాయంత్రమే తెలిసిపోయింది.

జాగిలాల సంఘానికి అధ్యక్షులు జయరామయ్యగారు. వడ్ల వ్యాపారి, ఊళ్ళో పెద్దమనిషి. సంఘం పెట్టిన నాటినుంచీ ఆయన కుక్క టైగరే ఏటా మొదటి బహుమతి గెలుస్తున్నది. బహుమతి ఆయనే ఇచ్చి, ఆయనే పుచ్చుకొని, తనను తాను అభినందించుకొని వేదిక దిగేవారు. ఈసారి న్యాయనిర్ణేత పొరుగు జిల్లా నుంచి వచ్చాడు. స్థానిక పరిస్థితుల మీద బొత్తిగా అవగాహన లేని మనిషి. వాకాడు వైపు సముద్రంలో వల వేసుకొని బతికే ముత్యాలయ్య కుక్కకు మొదటి బహుమతి ఇచ్చేశాడు. ఆ కుక్క పేరు వంజరం. అధ్యక్షుల వారి కుక్క, చేప పేరు పెట్టుకున్న కుక్క చేతిలో ఓడిపోయిందన్నమాట.

టైగరూ వంజరమూ ఒక తల్లి పిల్లలే. తల్లి చచ్చిపోతే ముత్యాలయ్య కూతురు దుర్గ రెండింటికీ సీసాతో పాలు పట్టి పెంచింది. అందులో ఒకదాన్ని జయరామయ్యగారి భార్య మాలకొండమ్మ ముచ్చటపడి తెచ్చుకున్నది. ఇందులో దాపరికమేమీ లేదు. దుర్గ ఎండుచేపలు అమ్ముకోవడానికి బుచ్చికి వచ్చినప్పుడల్లా ఆ ఇంటికి వెళ్ళేది. టైగర్ ఎగిరి ఆమె మొహం నాకేది. మాలకొండమ్మ కాఫీ ఇచ్చేది.

అధ్యక్షులు అత్యవసర సమావేశం పిలిచారు.

"సోదరులారా! ఓడినందుకు నాకు బాధ లేదు. ఎవరి చేతిలో ఓడాననేదే ప్రశ్న. ఎద్దునీ దున్ననీ ఒక పందెంలో దించి, ఓడింది గదా అని ఎద్దును తప్పుపట్టడం ధర్మమా?" అని ఉపన్యసించారు. సభ చప్పట్లతో దద్దరిల్లింది.

తేడాలు కనిపెట్టే బాధ్యత పశువుల శాఖలో రిటైరైన గిరిబాబుగారి మీద పెట్టారు. ఆయన టేపు పట్టుకొని చెవులు కొలిచారు, తోకలు కొలిచారు, పళ్ళు చూశారు. తేడా లేదనడం మర్యాద కాదు కనుక, "తేడాలు ఇంకా బయటపడవలసి ఉంది" అని ప్రకటించారు.

తర్వాత ఆహార పరీక్ష. టైగర్ ముందు పెరుగన్నం, వంజరం ముందు చేపల పులుసు పెట్టారు. టైగర్ పెరుగన్నం వైపు చూడనైనా చూడకుండా అవతలి పళ్ళెంలోని చేపలన్నీ తినేసింది. వంజరం ఏమీ అనుకోకుండా వచ్చి పెరుగన్నం తిన్నది. 'టైగర్ వంటి మాగాణి కుక్క స్వభావరీత్యా పెరుగన్న ప్రియం; పరీక్ష రోజున దానికి ఒంట్లో బాగుండలేదు' అని గిరిబాబుగారు నివేదికలో రాశారు. సభ్యులంతా ఆమోదించి భోజనాలకు లేచారు. చేపల పులుసు అమోఘంగా కుదిరింది.

భోజనాలయ్యాక ముత్యాలయ్య లేచి నిలబడ్డాడు.

"అయ్యా, రెండూ ఒక కడుపున పుట్టినయ్యి. రెండు జాతులు ఎట్టయితాయి?"

"తల్లి ఒకటే ముత్యాలయ్యా, కాదన్నదెవరు?" అన్నారు జయరామయ్యగారు ఎంతో శాంతంగా. "తల్లి ఒకటైతే జాతి కూడా ఒకటే కావాలని మన నిబంధనల్లో యాడుండాది?"

అందరూ నిబంధనలు తిరగేశారు. ఎక్కడా లేదు. ఆ విధంగా మాగాణి జాగిలం, రేవు జాగిలం అవతరించాయి. వాటికి పోటీలు వేరు, వరసలు వేరు. ఒకదాన్నొకటి తాకరాదు.

తర్వాత దుర్గ చేపల గంపతో వెళ్ళేసరికి మాలకొండమ్మ గేటు దగ్గరే ఎదురైంది.

"లోపలికి రాబాకమ్మా. ఆయన ఇంట్లోనే ఉండారు. మీ కుక్కను ముట్టుకున్న చేత్తో దీన్ని ముట్టుకుంటే సంఘం ఇచ్చిన జాతి సర్టిఫికెట్టు పోతుందంట."

"కాఫీ వద్దులేమ్మా. ఒక్కసారి తల నిమిరి పోతా."

"నన్నేం చెయ్యమంటావు దుర్గా?"

టైగర్ గేటు కమ్మీల్లోంచి ముట్టె బయటికి పెట్టి మూలుగుతున్నది. దుర్గ గంప ఎత్తుకొని బస్టాండుకు నడిచింది. తిరిగి చూస్తే అది ఇంకా ఏడుస్తుందని చూడలేదు. ఇంటికెళ్ళి సంగతి చెబితే ముత్యాలయ్యకు అన్నం సయించలేదు. "మనిషిని గేటు కాడ నిలబెడతారా!" అంటూ తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

మరుసటి ఏడు రెండు పోటీలు జరిగాయి. మాగాణి జాతిలో టైగర్ గెలిచింది, ధర్మం నిలబడింది. రేవు జాతిలో మాత్రం ముత్యాలయ్య ఊరికి కాలవ అవతలి పాలెం కుక్క గెలిచింది. వంజరం ఓడిపోయింది.

ముత్యాలయ్య కొన్నాళ్ళు కాలవ గట్టుకు పోయి అవతలి కుక్కలను చూసి వచ్చాడు. ఒక ఉదయం ఉతికిన చొక్కా వేసుకొని బయల్దేరాడు.

"యాడికి నాయనా?" అన్నది దుర్గ.

"సంఘం ఆఫీసుకు. కాలవ అవతలి కుక్కలు మన జాతి కాదు. వాటి తోకలు చూసినావా, ఎట్టుండాయో?"

"మనల్ని ఎలేసినోళ్ళు కూడా ఇదే మాట గదా అనింది!"

"అది వేరే, ఇది వేరే" అంటూ ముత్యాలయ్య బస్సెక్కాడు.

దుర్గ వంజరం మెడలోని సంఘం పట్టీ విప్పి పొయ్యిలో పెట్టింది. ఆమె సభ్యురాలు కాదు కనుక ఆ చర్య చెల్లదని సంఘం తర్వాత స్పష్టం చేసింది.

జయరామయ్యగారు ఈసారి కుర్చీలోంచి లేచి ముత్యాలయ్యకు ఎదురొచ్చారు. పక్కన కూర్చోబెట్టుకొని కాఫీ తెప్పించారు. "నీలాంటి చైతన్యం ఉన్నోళ్ళే సంఘానికి కావాల" అని భుజం తట్టారు. గిరిబాబుగారు అప్పుడే టేపు తీసుకొని కాలవ దాటారు.

సంఘం కార్యాలయం ఆదివారం కూడా తెరిచే ఉంటున్నది. కొత్త జాతుల కోసం దరఖాస్తులు ఎవరైనా పెట్టుకోవచ్చు. పక్కవాడి చేతిలో ఓడిపోయి ఉంటే చాలు, కుక్క ఉండి తీరాలన్న నియమమేమీ లేదు.