జిలేబికి తలస్నానం

ఆ ఆదివారం పొద్దున లాల్ బాషా అనుకున్న పని చాలా చిన్నది. అంగడి ముందు చిమ్మించి నీళ్లు చల్లించడం, కుట్టి ఉంచిన మాదిరి పరుపులను బల్ల మీద పరచడం, తిరుపతి నుంచి వచ్చే రామచంద్రకు చూపించడం. రామచంద్ర తిరుపతిలో యాత్రికుల కోసం ఒక లాడ్జి నడుపుతున్నాడు, దాని పక్కనే ఇంకొకటి కడుతున్నాడు. కొత్త లాడ్జిలో గదులన్నిటికీ బూరుగు దూది పరుపులే వేయించాలని ఆయన కోరిక. పుత్తూరులో లాల్ బాషా కుట్టిన పరుపు ఇరవై ఏళ్లయినా ముద్ద కట్టదని ఎవరో ఆయన చెవిన వేశారు.

ఆ మాట నిజమే. కాకపోతే ఫోం పరుపులు వచ్చాక ఆ సంగతి జనం మరిచిపోయారు. చిత్తూరులో ఫోం పరుపుల షాపు పెట్టుకున్న తమ్ముడు షాకిర్, అంగడి మూసేసి వచ్చి తన గల్లా దగ్గర కూర్చోమని ఏడాదిగా పిలుస్తున్నాడు. ఈ లాడ్జి పని దక్కితే ఆ పిలుపు తప్పుతుంది. దక్కకపోతే, పుట్టినప్పటి నుంచి దూదిలో పెరిగిన మనిషి వెళ్లి ఫోం అమ్ముకోవాలి.

సరిగ్గా అప్పుడే అతని భార్య ఆయిషా బీ లోపలి నుంచి వచ్చి తన చీలమండలు చూపించింది. ఎర్రగా దద్దుర్లు. వెనకాలే కూతురు ఇఫ్ఫత్, తన పిల్లి జిలేబిని ఎత్తుకుని వెలుతురులోకి వచ్చింది. నారింజ రంగు బొచ్చును విడదీసి చూపిస్తే, మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు. చూస్తుండగానే ఆ చుక్కల్లో ఒకటి గాలిలోకి ఎగిరింది. పరుపుల వైపే ఎగిరింది. ఎక్కడ వాలిందో కనపడలేదు.

"పిస్సులు" అంది ఆయిషా బీ.

ఆ ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూ. పేనులాగా పాకకుండా మిడతలాగా ఎగిరి మనిషి కాళ్లు కుట్టే ఆ పురుగును వాళ్లు పిస్సు అంటారు. లాల్ బాషా పరుపులు రెండూ భుజాన వేసుకుని మేడ మీదికి పరిగెత్తి, ఎండలో పరిచి, దిగివచ్చి ఇద్దరినీ హెచ్చరించాడు. పరుపులు కుట్టే ఇంట్లో పిస్సులున్నాయని తెలిస్తే ఈ ఊళ్లో ఇక దిండు గలీబు కూడా ఎవరూ కుట్టించుకోరు. కాబట్టి ఆ మాట ఈ గడప దాటకూడదు.

పిల్లి మెడ మీద వేసే చుక్కల మందు ఉంటుందని, రేపు పశువుల డాక్టరును అడిగి తెస్తానని ఇఫ్ఫత్ చెప్పింది. రేపటిదాకా ఆగే ఓపిక లాల్ బాషాకు లేదు. అటక మీద ఎప్పటిదో బర్రెలకు చల్లే పొడి డబ్బా ఉంటే తీశాడు. పిల్లి ఒళ్లు నాకుతుందని, నాకితే చచ్చిపోతుందని ఇఫ్ఫత్ డబ్బా లాక్కుంది. ఇక మిగిలింది తలస్నానం. రంజాన్ పండుగ వెళ్లాక పట్టే రోజా ఉపవాసాల్లో ఉన్నాడు లాల్ బాషా. పొద్దు పొడవక ముందు తిన్న దానితో ఒక పిల్లిని పట్టుకునే శక్తి ఉంటుందని అనుకున్నాడు.

మొదటి చెంబు నీళ్లకు జిలేబి ఊరుకుంది. సబ్బు తల దాకా వచ్చేసరికి దానికి విషయం అర్థమైంది. లాల్ బాషా మోచేతి మీదుగా భుజం మీదికి, భుజం మీది నుంచి నెత్తి మీదికి, నెత్తి మీది నుంచి పిట్టగోడ మీదికి ఎక్కి, పక్కింటి పెరట్లోకి దూకింది. ఎక్కిన దారి పొడవునా అతని ఒంటి మీద గీతలు పడ్డాయి.

పక్కింటి పెరట్లో సిద్ధమ్మ చెనక్కాయలు వలుస్తోంది. మూతి నిండా నురగతో, ఒళ్లంతా బొచ్చు నిక్కబొడుచుకున్న పిల్లి ఒకటి ఆమె చేటలో దిగి, కాయలన్నీ చెల్లాచెదురు చేసి వీధిలోకి పోయింది. సిద్ధమ్మ గోడ దగ్గరికి వచ్చి, మీ పిల్లికి నోట్లో ఆ నురగేమని అడిగింది. అబద్ధం చెప్పడం ఆయిషా బీకి ఎప్పుడూ చేతకాలేదు. గొంతు తగ్గించింది.

"ఎవురికీ సెప్పొద్దు సిద్ధమ్మక్కా. పిల్లికి పిస్సులు పట్టినాయి."

సిద్ధమ్మకు ఉర్దూ రాదు. ఆమె నోట చక్కెర సక్కెరే, చీర సీరే. అందరూ పిచ్చి అనేదాన్ని ఆమె పుట్టినప్పటి నుంచీ పిస్సి అనే అంటుంది.

"పిస్సి పట్టినాదా? మనుసుల్ని కరిసినాదా?"

"మా ఆయన్ని గీరినాది. ఎవురికీ సెప్పొద్దక్కా."

సిద్ధమ్మ తలూపింది. ఎవరికీ చెప్పకూడని సంగతి కాబట్టి కొంగు బిగించి నేరుగా వీధిలోకి నడిచింది.

ఆమె కొడుకు గిరి ఆటో నడుపుతాడు. కర్ర పట్టుకుని వచ్చేశాడు. వీధిలో తలుపులు టపటపా మూసుకున్నాయి. మూసుకున్న తలుపుల వెనక నుంచి జనం కిటికీల్లోకి చేరారు. తడి లుంగీతో, చేతుల మీద నెత్తుటి చారలతో లాల్ బాషా బయటికి వచ్చేసరికి గిరి ఎదురుగా నిలబడి, కరిచిన చోటు చూపించమన్నాడు.

"కరవలేదబ్బా, గీరినాది. తలకి పోస్తా ఉంటే ఎగిరినాది."

"పిల్లికి తలకి పోసినావా అన్నా?"

"శుభ్రంగా ఉంటాదని."

గిరి తల్లి వైపు చూశాడు. పిల్లికి తలంటే మనిషిని ఆ వీధి అంతవరకు చూడలేదు. విషం అప్పుడే పైకి ఎక్కుతోందని సిద్ధమ్మకు అనుమానం వచ్చింది. పిచ్చి కుక్క కరిచినవాడు నీళ్లను చూసి జడుసుకుంటాడని ఆమెకు తెలుసు. లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి, ఒక గుక్క తాగమంది. లాల్ బాషా వద్దన్నాడు. ఆమె ఇంకా దగ్గరికి జరిపింది. అతను వెనక్కి జరిగాడు.

"రోజా ఉండానక్కా."

"రంజాను పండగ అయిపోయె గదప్పా, పాయసం గూడా పంపిస్తిరి."

పండుగ తర్వాత కూడా కొన్ని రోజాలు ఉంటాయని అతను వివరించబోయాడు కానీ వినేవాళ్లు లేరు. బాషా నీళ్లు చూసి వెనక్కి పోతున్నాడన్న మాట అప్పటికే వీధి చివరికి చేరిపోయింది. ఆ చివరనే రామచంద్ర కారు ఆగింది. గుంపును చూసి ఆయన తలుపు కూడా వేయకుండా దిగివచ్చాడు. సంగతి విని నొచ్చుకున్నాడు. మంచి మనిషి. పరుపులు ఎక్కడికీ పోవని, ముందు ప్రాణం చూడాలని, లాల్ బాషా భుజం మీద చెయ్యి వేసి ఆటో దాకా నడిపించి, తానూ కారులో వెనకాలే బయలుదేరాడు.

ఆటోలో ఇఫ్ఫత్ తండ్రి పక్కన కూర్చుంది. గిరి రోడ్డు కంటే ఎక్కువగా అద్దంలో లాల్ బాషా నోటి వైపే చూస్తూ నడిపాడు. అతను ఏదైనా చెప్పడానికి నోరు తెరిస్తే చాలు, హ్యాండిల్ మీదికి వంగిపోయేవాడు.

ఆసుపత్రిలో నర్సు కృపామణి గీతలను సబ్బుతో కడిగించి, పిల్లి ఎక్కడుందని అడిగింది. తప్పించుకుపోయిందని, దాని సంగతి చూసుకోవడానికి వీధి కుర్రాళ్లను కర్రలు, గోనెసంచులతో తిప్పుతున్నానని గిరి చెప్పాడు. కనపడగానే కొట్టేయమన్నాడట. ఇఫ్ఫత్ తండ్రి చెయ్యి పట్టుకుంది. జిలేబిని కళ్లు తెరవనప్పుడు బూరుగు దూదిలో పెట్టి పెంచింది ఇఫ్ఫతే. ఆ దూది ఇచ్చింది లాల్ బాషాయే.

అతను రామచంద్ర వైపు చూశాడు. లాడ్జి గదులు, వాటిలో పరుపులు, చిత్తూరులో తమ్ముడి గల్లా అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి.

"పిస్సి కాదమ్మా, పిస్సులు" అన్నాడు.

కృపామణికి అర్థం కాలేదు. లాల్ బాషా చూపుడువేలితో బల్ల మీద ఎగిరి చూపించాడు.

"ఎగిరే పురుగులు. పిల్లికి పట్టినాయి. ఆ నురగ సబ్బుది. దానికీ పిస్సి లేదు, నాకూ లేదు. మా ఇంట్లో పురుగులుండాయి, అంతే. గిరీ, ముందు ఆ పిలకాయలకి ఫోన్ సెయ్యి."

గిరి ఫోను తీసుకుని బయటికి పోయాడు.

"పరుపుల్లో కూడానా?" అన్నాడు రామచంద్ర.

"ఒకటి అట్లా ఎగిరినాది సార్. యాడ పడినాదో తెలీదు."

పిచ్చి ఎక్కుతున్న మనిషి అనుకున్నంతసేపూ భుజం మీద చెయ్యి వేసిన రామచంద్ర, ఇప్పుడు గోడ దాకా వెనక్కి జరిగాడు. యాత్రికులు నమ్మి పడుకునే చోటు అని, తన పేరు పోతుందని, వేరేచోట చూసుకుంటానని మర్యాదగానే చెప్పాడు. పిస్సులైనా పిస్సైనా గీరింది నిజమే కదా అని కృపామణి సూది మందు వేసే వేసింది.

తిరిగి వస్తున్నప్పుడు ఆటోలో ఇఫ్ఫత్ ఒడిలో చున్నీ కదిలింది. లోపల జిలేబి నిద్రపోతోంది. ఆసుపత్రిలో మాటలు జరుగుతున్నప్పుడు ఇఫ్ఫత్ కన్నీళ్లు తుడుచుకోవడానికి బయటికి వెళ్లిందట. దించి ఉన్న కారు అద్దంలోంచి పిల్లి అరుపు వినిపించిందట. వీధిలో ఎవరూ వెతకని చోటు అదొక్కటే. రామచంద్ర కారు వెనక సీటు మీద, మెత్తటి తువ్వాల పరిచి ఉన్న చోట, జిలేబి ఒళ్లు ఆరబెట్టుకుంటూ హాయిగా దొర్లుతోందట. లాల్ బాషా చున్నీ కొసను పిల్లి మీదికి ఇంకాస్త లాగాడు.

మర్నాడు ఇఫ్ఫత్ మందు తెచ్చి పిల్లి మెడ మీద వేసింది. ఆయిషా బీ ఇంట్లో ఉన్న గుడ్డ అనేదాన్నల్లా వేణ్ణీళ్లలో ఉడకేసింది. లాల్ బాషా మాదిరి పరుపులను విప్పి, దూదిని ఎండబెట్టి మళ్లీ ఏకాడు. కొద్దిరోజుల్లో పిస్సులు పోయాయి. లాడ్జి పని ఎలాగూ పోయింది. సిద్ధమ్మ మాత్రం రోజూ గోడ మీది నుంచి అతను నీళ్లు తాగుతున్నాడో లేదో చూస్తూనే ఉంది.

షాకిర్‌కు వస్తున్నానని చెబుదామని ఒక సాయంత్రం లాల్ బాషా ఫోను తీసేసరికి, అదే మోగింది. రామచంద్ర. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నాడు.

"బాషా, ఈ మాట ఎవురికీ సెప్పొద్దు. మా ఇంట్లో అందరికీ ఆ పురుగులు కాళ్లు కుడతా ఉండాయి. పాత లాడ్జిలో ఆఫీసు గదిలో గూడా. అడిగేదానికి నాకు తెలిసినోడివి నువ్వొక్కడివే. వాటికి ఏం సెయ్యాల?"

లాల్ బాషా చెప్పాడు. గుడ్డలు ఉడకేయమన్నాడు, మూలలు చిమ్మించమన్నాడు. రామచంద్ర అంతా రాసుకున్నట్టున్నాడు. తర్వాత అసలు సంగతికి వచ్చాడు. తిరుపతిలో పరుపులవాళ్లందరినీ చూశానని, పురుగు మాట ఎత్తితే కొట్టడానికి వస్తున్నారని, దాని అంతు తెలిసినవాడి చేతే పని చేయించడం మేలనిపిస్తోందని అన్నాడు. కొత్త లాడ్జితో పాటు పాతదానికి కూడా కుట్టాలన్నాడు.

లాల్ బాషా "సార్, ఆ పొద్దు మీ కారులో..." అని మొదలుపెట్టాడు. ఆయిషా బీ చప్పున ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"నిజం ఒకసారి సెప్పినాం గదా, సాలు."

లాల్ బాషా ఆమె చెయ్యి తప్పించి, కారు సీట్ల మీది గుడ్డలు కూడా విప్పించి ఉతికించమని చెప్పి ఊరుకున్నాడు.

కారులో కూడా కుడుతున్నాయని తాను చెప్పనే లేదు కాబట్టి, ఈ విద్యలో ఇంత లోతు చూసిన మనిషి జిల్లాలో మరొకడు లేడని రామచంద్ర ఆ రాత్రి భార్యతో అన్నాడు.