గోడ అరిచినా సరే

ఆ ఉదయం పని చాలా చిన్నది. గాయని హోటలు గదిలో కిటికీ దగ్గర నిలబడి వేడినీళ్ళు తాగాలి. రోజూ తాగేదే. కానీ కచేరీల పర్యటన పొడుగునా ఆవిడ వెంటపడి డాక్యుమెంటరీ తీస్తున్న దర్శకుడికి ఆ తాగడం నచ్చలేదు.

“మీరు కెమెరా వైపు చూశారు. ఇంకోసారి!”

“ఇది నాలుగో గ్లాసు,” అంది గాయని పళ్ళు కొరుకుతూ. “నాది కడుపనుకున్నారా, చెరువనుకున్నారా?”

“మొదటి గ్లాసే సహజంగా తాగుంటే ఇంత గొడవ ఉండేది కాదు కదండీ!”

సహజత్వం పేరు చెప్పి మనుషుల్ని ఇంతలా కాల్చుకు తినేవాడు మరొకడు ఉండడు. యూనిట్ వాళ్ళు చాటున ఆయనను ‘పెనం’ అనేవారు. ఎప్పుడు కదిపినా చుర్రుమనేవాడు. కిందటి ఊళ్ళో వాద్యకారుల ముఖాల్లో నిజమైన కంగారు కావాలని “మంటలు! మంటలు!” అంటూ తనే కేకలు పెట్టాడు. పాపం వాళ్ళు పరుగెత్తుకొచ్చి తన వైపు చూసినందుకు, ఎదురు వాళ్ళనే దులిపేశాడు.

ఆ రోజు ఆయన చిటపటకు కారణం లేకపోలేదు. సాయంత్రం జరిగేది చివరి కచేరీ. కూతురు పాటల్లోకి వెళ్ళడం ఇష్టంలేక ఇన్నేళ్ళూ ఏ కచేరీకీ రాని గాయని తల్లి, మొదటిసారి వచ్చి ముందు వరుసలో కూర్చోబోతోంది. చివరి పాట వింటున్నప్పుడు ఆవిడ ముఖం కెమెరాకు చిక్కాలి. అది దొరక్కపోతే మిగతాదంతా చెత్తేనని సినిమాకు పెట్టుబడి పెట్టిన దర్శకుడి మామగారు మొహం మీదే చెప్పేశాడు.

అందుకే దర్శకుడు అందరినీ నిలబెట్టి క్లాసు పీకాడు. “మేం మనుషులం కాదు, గోడలం. మా వైపు చూడొద్దు, మాట్లాడొద్దు, పిలిస్తే పలకొద్దు. గోడ అరిచినా సరే, తిరిగి చూశారంటే ఆ షాట్ చెత్తబుట్టలోకే!” తరవాత కెమెరామన్ వైపు తిరిగాడు. “నువ్వు ఏం జరిగినా కెమెరా ఆపకు. కలగజేసుకున్నావో, చంపేస్తా.”

“ఒట్టు,” అంది గాయని గ్లాసు ఠక్కున పెట్టి. “ఇవాళ మా కంటికి మీరు ఆనరు.”

సాయంత్రం కచేరీ మొదలైంది. మధ్యలో మోగుతాయని అందరి ఫోన్లూ బుట్టలో వేయించి, ఆదర్శంగా తనదీ వేశాడు దర్శకుడు. వేదిక పక్కనుంచి చూస్తే స్పీకర్లు అడ్డొచ్చి ముందు వరుస కనబడలేదు. కెమెరామన్ ఎక్కి నిలబడటానికి స్టూలు కావాలి. “ఒక్కడికీ బుర్ర లేదు, అన్నీ నేనే చూసుకోవాలి!” అని చిందులు తొక్కుతూ సామాన్ల గదిలోకి వెళ్ళి తలుపును ధడాలున వేశాడు. ఆ విసురుకు లోపలి పిడి ఊడి ఆయన చేతిలోకే వచ్చింది.

తలుపుకు అవతలికి కనబడే చిన్న అద్దం ఉంది. విరామంలో వయొలిన్ ఆయన అటుగా వెళ్ళాడు. దర్శకుడు అద్దం మీద దబదబా బాదాడు. “ఏవండీ! తలుపు తియ్యండి!” వయొలిన్ ఆయన ఎంతో సహజంగా చొక్కా సర్దుకుని వెళ్ళిపోయాడు. మృదంగం ఆయన ఆ తలుపుకే ఆనుకుని తీరిగ్గా టీ తాగాడు. గాయని వచ్చి, ఆ అద్దంలోనే జుట్టు సరిచేసుకుంది.

“అమ్మా తల్లీ! నిజంగానే ఇరుక్కున్నాను!”

ఆవిడ కనురెప్ప కూడా కదల్లేదు. కిందటి ఊళ్ళో మంటలు కూడా నిజమేనన్నాడు మరి.

ఆయన్ను వెతుక్కుంటూ కెమెరామన్ వచ్చాడు. హమ్మయ్య అనుకునేలోగా కెమెరా భుజానికెత్తుకుని ఆయన్నే తీయడం మొదలుపెట్టాడు. “ఆపరా వెధవా! వెళ్ళి వాళ్ళమ్మను తియ్యి!” అని లోపల దర్శకుడు గొంతు చించుకున్నాడు. ఇది తనకు పరీక్షేనని రూఢి చేసుకుని, కెమెరామన్ ఇంకాస్త దగ్గరికి జరిగాడు. అవతల చివరి పాట మొదలైంది. దర్శకుడికి ఏడుపొచ్చింది.

అప్పుడు తలుపు తెరుచుకుంది. ఎదురుగా తెల్లజుట్టు ఆవిడ, కళ్ళెర్రజేసి నిలబడి ఉంది.

“ఎవరయ్యా నువ్వు? అక్కడ నా కూతురు పాడుతుంటే ఇక్కడ నీ రంకెలేంటి?”

“అమ్మా! మీరు ముందు వరుసలో ఉండాలి కదా!”

“ఆ పెట్టెల ముందా? చెవులు చిల్లులు పడుతున్నాయి. కాస్త దూరంగా విందామని ఇటొచ్చాను. నువ్వూ నోరు మూసుకుని విను!”

ఆయన నోరు మూసుకున్నాడు. గోడల అవతలినుంచి కూతురి గొంతు మెత్తగా వచ్చింది. ముడిపడ్డ తల్లి కనుబొమలు మెల్లగా విడిపోయాయి. గడ్డం వణికింది. “ఇన్నాళ్ళూ ఎంత మొండిదాన్నయ్యాను,” అంది తనలో తనే. చెంపల మీద కన్నీళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయింది.

అదే, ఆయనకు కావలసిన ముఖం! ముందు వరుసలో వెయ్యిసార్లు తీసినా దొరకనిది! పక్కనే ఉన్న కెమెరామన్ అప్పటికే కెమెరాను ఆ ముఖం మీదికి తిప్పాడు. ఆనందం పట్టలేక దర్శకుడు ఆవిడ పక్కనుంచే మెడ చాచి, కెమెరాలోకి చూసి పళ్ళన్నీ కనబడేలా నవ్వి బొటనవేలు ఎత్తాడు.

పాట అయిపోయింది. గాయని వేదిక దిగి పరుగున వచ్చి తల్లిని వాటేసుకుంది. కెమెరామన్ కెమెరా దించి గొంతు సవరించుకున్నాడు.

“అమ్మగారి ముఖం అద్భుతంగా వచ్చింది సార్. కానీ పక్కన మీరు కెమెరా వైపు చూశారు.”

గాయని కళ్ళు తుడుచుకుని, పొద్దున ఒట్టు పెట్టాక మొదటిసారి దర్శకుణ్ణి తేరిపార చూసింది.

“ఏం గోడగారూ, ఇంకోసారి చేద్దామా?”